బోర్డు మీద నేనే రాశాను

ఎక్కడ జాబ్ అని అడిగితే "హనుమాన్ జంక్షన్" అంటాను. "అది సినిమా కదా?" అని నవ్వుతారు హైదరాబాద్ ఫ్రెండ్స్. 2001లో ఆ పేరుతో సినిమా వచ్చిన మాట నిజమే. కానీ మాది సినిమా సెట్టింగ్ కాదు, నిజంగా ఊరే. ఇటు వెళ్తే బెజవాడ, అటు వెళ్తే ఏలూరు, ఒక పక్క నూజివీడు రోడ్డు, ఇంకో పక్క గుడివాడ రోడ్డు. మధ్యలో ఆంజనేయస్వామి గుడి. బైపాస్ వచ్చాక పెద్ద లారీలు ఊరి బయట నుంచే పోతున్నాయి కానీ, సెంటర్‌లో హారన్ల మోత మాత్రం అలాగే ఉంది.

ఆ మోత మధ్యే మా ఆఫీసు. చేపల చెరువులకి, రొయ్యల చెరువులకి ఫీడ్ సప్లై చేసే డిస్ట్రిబ్యూటర్ దగ్గర నా ఉద్యోగం. పైన ఆఫీసు, వెనక రేకుల గోడౌన్. బిల్లింగ్, ఆర్డర్లు, డ్రైవర్ల ఫోన్లు, రైతుల బాకీల లెక్క అన్నీ నావే. అంతకుముందు మూడేళ్లు హైదరాబాద్‌లో ఓ కంపెనీలో చేశా. నాన్నకి ఒంట్లో బాగోక వెనక్కి వచ్చేశాను. వచ్చినందుకు బాధలేదు. కాకపోతే అక్కడి అలవాట్లు కొన్ని బ్యాగ్‌లో పెట్టుకొని వచ్చాను. వాటిలో ఒకటి బ్రెయిన్‌స్టార్మింగ్.

నిజం చెప్పాలంటే మొదలుపెట్టింది నేను కాదు, మా సార్. విజయవాడలో వ్యాపారస్తులకి పెట్టిన ఏదో ట్రైనింగ్‌కి రెండు రోజులు వెళ్లొచ్చారు. సోమవారం పొద్దున్నే పిలిచి, "అమ్మా, నువ్వు పెద్ద కంపెనీలో చేశావుగా. ఇకనుంచి ప్రతి శుక్రవారం మనం కూడా బ్రెయిన్‌స్టార్మింగ్ చేద్దాం. నువ్వే నడిపించు" అన్నారు. నాకు లోపల ఎంత సంబరమో! ఆ సాయంత్రమే వైట్‌బోర్డు, రంగురంగుల స్టిక్కీ నోట్లు, నాలుగు మార్కర్లు కొనేశాను. బిల్లు సార్ ఖాతాలోకే లెండి.

మొదటి శుక్రవారం పదకొండు మందిమి కూర్చున్నాం. ఫీల్డ్‌లో తిరిగే నలుగురు సేల్స్ కుర్రాళ్లు, అకౌంట్స్ అక్క, ఇద్దరు డ్రైవర్లు, గోడౌన్ ఇన్‌ఛార్జ్, హమాలీ మేస్త్రి, సార్, నేను. బోర్డు మీద 'సేల్స్ ఎలా పెంచాలి?' అని రాసి, "ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు" అన్నాను.

ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఫ్యాన్ తిరుగుతోంది. సమోసాల కవర్ చప్పుడవుతోంది. చివరికి సారే, "మనం ఒక యాప్ పెడితే ఎలా ఉంటుంది?" అన్నారు. "బాగుంటుంది సార్" అని పది గొంతులు. తర్వాత ముప్పావుగంట యాప్ గురించే. ఏ రంగు ఉండాలి, ఏ పేరు పెట్టాలి అనే దాకా వెళ్లింది. ఆ యాప్ ఇప్పటికీ రాలేదు. మా రైతులు ఆర్డర్ ఇచ్చేది వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లో, అది కూడా చెరువు గట్టు మీద గాలి హోరులో.

రెండో వారమూ అంతే. మా మేస్త్రి దీనికి 'బుర్రల మీటింగ్' అని పేరు పెట్టాడు. "ఏమ్మా, ఇవాళ బుర్రల మీటింగ్ ఉందా? సమోసాలా, బజ్జీలా?" అని అడిగేవాడు. రోషం వచ్చి ఓ రాత్రి కూర్చొని చదివాను, అసలు ఈ బ్రెయిన్‌స్టార్మింగ్ ఎక్కడి నుంచి వచ్చిందా అని.

అలెక్స్ ఆస్‌బోర్న్ అని ఒకాయన. అమెరికాలో బీబీడీఓ అనే అడ్వర్టైజింగ్ ఏజెన్సీ ఉంది కదా, ఆ పేరులో చివరి 'ఓ' ఆయనదే. 1948లో ఒక పుస్తకం, 1953లో 'అప్లైడ్ ఇమాజినేషన్' అని ఇంకో పుస్తకం రాశాడు. నలుగురు కూర్చుని ఆలోచించేటప్పుడు ఆయన పెట్టిన రూల్స్ నాలుగే. ఎవరి ఐడియానీ అక్కడికక్కడే తప్పు పట్టకూడదు. ఎంత పిచ్చి ఐడియా అయినా రానివ్వాలి. ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. ఒకరిదాని మీద ఇంకొకరు కట్టుకుంటూ పోవాలి.

'ఇదన్నమాట సంగతి' అనుకున్నాను. నాలుగు రూల్స్‌నీ తెలుగులో ప్రింట్ తీసి గోడకి అంటించాను. మూడో వారం టాపిక్ సార్ ఇచ్చారు: 'ఖర్చులు ఎలా తగ్గించాలి?' సార్‌ని ముందే బతిమాలుకున్నాను, మొదటి పావుగంట మీరేం మాట్లాడొద్దని. పాపం ఆయన నోటికి తాళం వేసుకొనే కూర్చున్నారు.

ఆ రోజు నిజంగానే మంత్రం వేసినట్టు పనిచేసింది. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు అందుకున్నారు. డీజిల్, కరెంటు బిల్లు, చిరిగిన బస్తాల రిటర్న్, టీ ఖర్చు... రాస్తూ ఉంటే నా చెయ్యి నొప్పెట్టింది. అప్పుడు మా సేల్స్ కుర్రాడొకడు, ఎప్పుడూ జోకులేసేవాడు, "రాత్రి కాపలాకి బాబాయి ఎందుకండీ, ఆయన గురకకే దొంగలు పారిపోతున్నారు. ఓ నాలుగు సీసీ కెమెరాలు పెడితే పోలా!" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే బోర్డు మీద రాశాను: 'వాచ్‌మన్ బదులు సీసీ కెమెరాలు'. 22వ పాయింట్. రూల్ ప్రకారం ఏ ఐడియానీ ఆపకూడదు కదా.

మీటింగ్ అయ్యేసరికి 31 పాయింట్లు. బోర్డు ముందు సెల్ఫీ తీసుకొని '31 ఐడియాస్ ఇన్ వన్ అవర్' అని స్టేటస్ పెట్టాను. సార్ కూడా బోర్డుని ఫోన్‌లో ఫొటో తీసుకున్నారు. ఆ ఫొటో ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

నెలాఖరుకి తెలిసింది. నాలుగు కెమెరాలు బిగించారు. బాబాయిని "ఒకటో తారీఖు నుంచి రావద్దులే" అన్నారు. నెలకి 9 వేల జీతం. పదకొండేళ్లుగా ఉన్నాడు. వెళ్లేముందు పైకొచ్చి, నా టేబుల్ పక్కన నిలబడి, గోడౌన్ తాళంచెవుల గుత్తి ఇచ్చాడు. "ఇదిగోమ్మా, చిన్న తాళం తిప్పేటప్పుడు కొంచెం పైకెత్తి తిప్పాలి, లేకపోతే రాదు" అన్నాడు. ఆయనకి నా రాత సంగతి తెలుసో తెలియదో. నేను తలెత్తలేదు. కంప్యూటర్‌లో ఏదో టైప్ చేస్తున్నట్టు నటించాను.

మీరు అనొచ్చు, తీసేసింది సార్ కదా, నీదేముంది అని. ఇంట్లో అమ్మా అదే అంది. కానీ పది మంది నవ్వి మర్చిపోవాల్సిన మాటని నల్ల మార్కర్‌తో, పెద్ద అక్షరాలతో, నంబరేసి మరీ రాసింది నేను. జోకు కాస్తా 'ప్రపోజల్' అయింది అక్కడే.

ఆ తర్వాతి శుక్రవారం చూడాలి మా మీటింగ్. మొదటి వారం మౌనం వేరు, ఈ మౌనం వేరు. అప్పుడు మొహమాటం, ఇప్పుడు భయం. ఇక్కడ ఏదంటే ఎవరి ఉద్యోగం పోతుందో అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. జోకులేసే కుర్రాడైతే మూలన కూర్చొని గోళ్లు గిల్లుకుంటున్నాడు. వాడికి నెలాఖరులో బండి పెట్రోలుకి చేబదులు ఇచ్చేది బాబాయే అని తర్వాత తెలిసింది నాకు.

అక్టోబర్‌లో వాన పడింది. మా డెల్టా వానల గురించి చెప్పక్కర్లేదు కదా, మొదలైతే ఆగదు. రాత్రి రెండున్నర దాటాక గోడౌన్‌లో ఓ మూల నుంచి నీళ్లు దిగడం మొదలైంది. కెమెరా అంతా చక్కగా రికార్డ్ చేసింది. సార్ ఫోన్‌కి అలర్ట్ కూడా పంపింది. సార్ నిద్రలో ఉన్నారు. పొద్దున ఏడింటికి షట్టర్ ఎత్తేసరికి 63 బస్తాలు తడిసిపోయి ఉన్నాయి. ఫీడ్ తడిస్తే బూజు పడుతుంది, చెరువులో వెయ్యడానికి పనికిరాదు. అకౌంట్స్ అక్క లెక్క కట్టి, బాబాయి ఏడు నెలల జీతం పోయిందని చిన్నగా నా చెవిలో చెప్పింది.

పదకొండేళ్లుగా ఎన్నో వానలు పడ్డాయి. బస్తాలు తడిసిన దాఖలా లేదు. ఎందుకంటే చినుకు పడగానే లేచి బరకాలు కప్పేది ఆయన. చూరు కింద కాలవలో చెత్త తీసేది ఆయన. తెల్లవారుజామున నాలుగింటికి లారీ వస్తే గేటు తీసి, దిగిన బస్తాలు లెక్కపెట్టి, గోడ మీద సుద్దముక్కతో గీతలు గీసేది ఆయన. ఇవేవీ ఆయన ఉద్యోగంలో రాసి లేవు. కాపలా అని మాత్రమే రాసి ఉంది. మేము మీటింగ్‌లో తీసేసింది ఆ ఒక్క మాటని.

ఆ వారమే రామచంద్రాపురంలో ఉండే మా పెదనాన్నతో ఫోన్‌లో మాట్లాడుతూ ఇదంతా చెప్పుకున్నాను. ఆయన బీహెచ్ఈఎల్‌లో చేసి రిటైరయ్యాడు. అంతా విని, "మీరు ఇప్పుడు చేస్తున్నది మేము నలభై ఏళ్ల కిందటే చేశాం కదే, క్వాలిటీ సర్కిల్ అని" అన్నాడు.

నేను అస్సలు వినలేదు ఆ మాట. మీరూ విని ఉండకపోవచ్చు, అందుకే చెప్తున్నా. జపాన్‌లో ఇషికావా అనే ప్రొఫెసర్ చొరవతో 1962లో మొదలైన పద్ధతి ఇది. ఒకే చోట పనిచేసేవాళ్లు ఓ పది మంది లోపు, తమంతట తాము గ్రూపుగా ఏర్పడి, వారానికో గంట కూర్చుని తమ పనిలో ఉన్న ఇబ్బందిని తామే ఎంచుకొని, తామే పరిష్కారం వెతుక్కోవడం. మన దేశంలో దీన్ని మొట్టమొదట మొదలుపెట్టింది ఎక్కడో కాదు, 1980లో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో. ఎస్.ఆర్. ఉడ్పా అనే అధికారి దానికి ఆద్యుడు. రెండేళ్లకి, 1982లో, క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడింది. దాని కేంద్రం ఇప్పటికీ సికింద్రాబాదే. అంటే నేను హైదరాబాద్‌లో గాజు గదిలో స్టిక్కీ నోట్లు అంటించిన మూడేళ్లూ, ఈ పని దేశంలో మొదట జరిగిన ఊళ్లోనే ఉన్నానన్నమాట. ఒక్కరూ చెప్పలేదు!

"మాకు ఒక్కొక్కరినే వరసగా అడిగేవాళ్లు. ఒక రౌండ్‌లో ఒక్క ఐడియానే. లేకపోతే 'పాస్' అనాలి. లేత్ మెషిన్ దగ్గర పొద్దంతా నోరు విప్పనివాడు కూడా తన వంతు వచ్చేసరికి ఏదో ఒకటి చెప్పేవాడు" అన్నాడు పెదనాన్న. తర్వాత ఒక్క క్షణం ఆగి, "ఇంకోటి. జీతాలు, ప్రమోషన్లు, ఎవరుండాలి ఎవరు పోవాలి, ఇవి సర్కిల్‌లోకి రాకూడదు. దానికి యూనియన్ ఉంది, మేనేజ్‌మెంట్ ఉంది. మేము మిషన్ గురించి మాట్లాడేవాళ్లం, మనిషి గురించి కాదు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మంచం మీద అలాగే కూర్చున్నాను.

ఆస్‌బోర్న్‌ని మళ్లీ చదివాను. ఈసారి రూల్స్ దగ్గర ఆగలేదు. నేను ముందు గమనించని సంగతి అందులోనే ఉంది. విమర్శ వద్దు అన్నది ఐడియాలు చెప్పే సమయానికి మాత్రమే. తర్వాత వాటిని విడిగా కూర్చొని, వడపోసి, పనికొచ్చేదేదో కానిదేదో తేల్చాలి. ఆ రెండో మీటింగ్ మేము పెట్టనే లేదు. పెట్టి ఉంటే 22వ పాయింట్ దగ్గర మేస్త్రి అయినా లేచి, "మరి వానొస్తే బరకం ఎవరు కప్పుతారు?" అని అడిగేవాడు. ఆ అడిగే చోటే లేకుండా చేశాను నేను. బోర్డు మీంచి నేరుగా సార్ ఫోన్‌లోకి, అక్కడి నుంచి కెమెరాలు అమ్మే షాపుకి.

ఇంకా చదువుతుంటే ఇంకో విషయం తగిలింది. 1958లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. నలుగురు కలిసి కూర్చొని చెప్పిన ఐడియాలకంటే, నలుగురూ విడివిడిగా కూర్చొని రాసినవి కలిపితే ఎక్కువ వచ్చాయట. ఆ తర్వాత 1987లో డీల్, స్ట్రోబ్ అనే ఇద్దరు దీనికి ముఖ్యమైన కారణం ఒకటి పట్టుకున్నారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగేలోపు బుర్రలో ఉన్నది జారిపోతుంది, లేదా 'ఇప్పుడు ఇదెందుకులే' అనిపిస్తుంది. మన ఇళ్లల్లో పెళ్లి మాటలప్పుడు చూడండి, పెద్ద మావయ్య గొంతు సవరించుకున్నాక ఇంకెవరికైనా ఐడియా వచ్చిందా ఎప్పుడైనా?

సరే, సార్ దగ్గరికి వెళ్లాను. కాళ్లు వణికాయి, అబద్ధమెందుకు. "సార్, శుక్రవారం మీటింగ్ మానేద్దాం, లేకపోతే నేను చెప్పినట్టు చేద్దాం" అన్నాను. ఆయన తడిసిన బస్తాల లెక్క ఇంకా మర్చిపోలేదు. "కానివ్వు" అన్నారు.

వైట్‌బోర్డు పైనే ఉంచేసి, గోడౌన్‌లోకి దిగాం. కుర్చీలు లేవు, బస్తాల మీదే కూర్చున్నాం. అందరికీ తలో చీటీ. పేరు రాయక్కర్లేదు. పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, రాయాలి. మేస్త్రికీ, ఒక డ్రైవర్‌కీ రాయడం రాదు. వాళ్లు నా చెవిలో చెప్తే నేను రాశాను. (నా చేతిరాత అందరికీ తెలుసు కాబట్టి అవి ఎవరివో దాగలేదు. అది ఇప్పటికీ నాకు సరిగ్గా కుదరని విషయమే.) చీటీలన్నీ బిస్కెట్ డబ్బాలో వేసి, ఒక్కొక్కటే పైకి చదవడం. మనుషుల ఉద్యోగం గురించి ఉన్న చీటీ వస్తే పక్కన పెట్టేయడం. వడపోత వచ్చే శుక్రవారం, అదే చోట.

టాపిక్ కూడా ఈసారి సేల్స్, ఖర్చులు అని ఆకాశమంత పెట్టలేదు. 'గుడివాడ రూట్ లారీ సాయంత్రం ఎందుకు లేటవుతోంది?' అంతే.

డ్రైవర్ల మీద పడతారనుకున్నాను. మేస్త్రి నా చెవిలో చెప్పింది వేరే. మా లారీ గుడివాడ, ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు వరసలో వెళ్తుంది. ఆఖరున దించే కైకలూరు బస్తాలు అడుగున ఉండాలి, ముందు దించేవి పైనుండాలి. కానీ బిల్లులు మాత్రం ఆర్డర్ వచ్చిన వరసలో ప్రింటయి కిందికి వస్తాయి. హమాలీలు బిల్లు వరసలోనే లోడ్ చేస్తారు. దాంతో ముదినేపల్లిలో దించాల్సిన వాటి మీద కైకలూరు బస్తాలు. దించు, పక్కన పెట్టు, మళ్లీ ఎక్కించు. ప్రతి ఊళ్లోనూ ఇదే భాగోతం.

"బిల్లులు ఊళ్ల వరసలో, కిందది ముందుగా ఇస్తే సరిపోద్దమ్మా" అన్నాడు.

బిల్లులు ప్రింట్ తీసేది ఎవరు? నేనే. రెండేళ్ల నుంచి. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. "నువ్వు సేల్స్ ఎలా పెంచాలని అడిగావు. మాకేం తెలుసు సేల్స్ గురించి?" అన్నాడు.

కంప్యూటర్‌లో మార్చడానికి నాకు నాలుగు నిమిషాలు పట్టింది. ఆ రూట్ డ్రైవర్ ఇప్పుడు గంట ముందే ఇంటికి వెళ్తున్నాడు.

బాబాయి విషయం అలాగే మిగిలింది. సార్ కబురు పెట్టారు, మళ్లీ రమ్మని. ఆయన రాలేదు. నూజివీడు రోడ్డులో ఓ కళ్యాణ మండపం దగ్గర చేరాడని తెలిసి, ఓ ఆదివారం స్కూటీ వేసుకొని వెళ్లాను. గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. లోపల ఏదో ఓణీల ఫంక్షన్, పాటల మోత.

ఎలా చెప్పాలో రెండు రోజులు ప్రాక్టీస్ చేసుకున్నాను. అక్కడికెళ్లాక అదంతా మర్చిపోయి, "బాబాయ్, ఆ రోజు బోర్డు మీద రాసింది నేనే" అనేశాను.

"తెలుసులేమ్మా. ఆ కుర్రాడు వచ్చి ఏడ్చి వెళ్లాడుగా" అన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. కోపం లేదని కూడా అనలేదు. తర్వాత, "ఎన్ని బస్తాలు తడిశాయి?" అని అడిగాడు. చెప్పాను. "పడమటి గోడ మూలేగా? అక్కడ రెండో రేకుకి మేకు ఊడి సందు పడింది. వానాకాలం ముందు తారు పూసేవాణ్ని. తారు పూస్తే ఆగేది కాదది, రేకే మార్చాలి. సార్‌కి రెండుసార్లు చెప్పా" అన్నాడు. "మళ్లీ రాకూడదా బాబాయ్?" అంటే, "ఇక్కడ రాత్రిపూట భోజనం పెడతారమ్మా" అని నవ్వాడు.

నాకూ ఓ ప్లేట్‌లో పులిహోర పెట్టించి పంపాడు.

తర్వాతి శుక్రవారం నా చీటీలో ఆ మాటే రాశాను. పడమటి గోడ, మూల, రెండో రేకు, మార్చాలి. సార్ ఆ రోజు తానే చదువుతానని డబ్బా తీసుకున్నారు. నా చీటీ చదివి, తలెత్తి పైకప్పు వైపు చూసి, "ఇది ఎవరికి తెలిసింది?" అన్నారు.

పేరు చెప్పక్కర్లేదనేది రూల్. అయినా చెప్పాను.

"బాబాయి చెప్పాడు సార్."

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. సార్ ఆ చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. "రేపు రేకుల అతన్ని రమ్మనండి" అని, డబ్బాలోంచి ఇంకో చీటీ తీశారు.